నలుగురినీ ఒకే గాటన కట్టే మార్కులు: ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

విశాఖపట్నం

గౌరవనీయులైన ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను విశాఖపట్నం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో 18 ఏళ్లుగా కంప్యూటర్ సైన్సు బోధిస్తున్నాను. మూడో సంవత్సరం విద్యార్థులకు సాఫ్ట్‌వేర్ డిజైన్ పాఠాలు చెప్పడం, వాళ్లు నలుగురేసి బ్యాచ్‌లుగా చేరి చేసే ప్రాజెక్టులకు మార్కులు వేయడం నా పని. ఆ మార్కుల్లో ఏళ్ల తరబడి జరుగుతున్న అన్యాయం గురించే ఈ లేఖ. అందులో నా చెయ్యి కూడా ఉంది.

గత సెమిస్టర్‌లో ఒక బ్యాచ్ ఫిషింగ్ హార్బర్‌లో జరిగే చేపల వేలానికి లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. వాళ్ల మొదటి డిజైన్‌లో ఒక బోటు, ఒక అమ్మకం, ఒక ధర మాత్రమే ఉన్నాయి. ఆ నలుగురిలో ఒక అబ్బాయి తండ్రి బోటు మీద వేటకు వెళ్తారు. ఆ అబ్బాయి నాలుగు రోజులు తెల్లవారుజామునే హార్బర్‌కు వెళ్లి, ఒకే బోటు సరుకును రకాన్ని బట్టి, సైజును బట్టి కుప్పలుగా పోస్తారనీ, ఒక్కో కుప్పను ఒక్కో వ్యాపారి పాడుకుంటారనీ, డబ్బులో కొంత అప్పటికప్పుడు చేతికొచ్చి మిగిలింది బాకీగా ఉండిపోతుందనీ చూసి, తడిసి ముడతలు పడిన నోట్‌బుక్‌లో బొమ్మలు గీసుకుని తెచ్చాడు. ఆ నోట్‌బుక్ చూశాకే వాళ్లు మొదటి డిజైన్‌ను పక్కన పెట్టి, వేటను, కుప్పను, వ్యాపారి బాకీని మూడు వేర్వేరు భాగాలుగా విడదీశారు. కోడ్‌లో ఎక్కువ భాగం ఒక అమ్మాయి రాసింది. మూడో విద్యార్థి రికార్డూ పీపీటీ చేశాడు. నాలుగో విద్యార్థి వైవా (మౌఖిక పరీక్ష) రోజున మాత్రమే కనిపించి, మొదటి స్లయిడ్ చదివి కూర్చున్నాడు. నలుగురికీ ఒకే మార్కులు పడ్డాయి. అలా వేసింది నేనే. ఆ అమ్మాయి నా గదికి వచ్చి, "మేడం, నాకు తక్కువ వచ్చాయని అడగడానికి రాలేదు, వాడికీ నాకూ ఒకటే ఎలా వచ్చాయో చెప్పండి" అని అడిగితే నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఇది ఒక్క బ్యాచ్‌తో పోయేది కాదు. మనిషి గుంపులో చేరితే తన వంతు బలాన్ని తగ్గించుకోవడం పాత సంగతే. తాడు లాగే వాళ్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్‌మాన్ 1913లోనే ప్రచురించారు. ఎవరి బలం ఎంతో విడిగా కొలిచేవాళ్లు లేనప్పుడు గుంపులో గోవిందా కొట్టేవాళ్లు తయారవుతారు. మన పద్ధతి వాళ్లను కనిపెట్టకపోగా, మిగతా ముగ్గురి కష్టంతో వాళ్లకు మార్కులు కూడా ఇస్తోంది.

కంప్యూటరే కొలుస్తుంది కదా అని కొందరు సహాధ్యాపకులు అంటారు. కోడ్‌లో చేసే మార్పులను భద్రపరిచే, 2005 నుంచి వాడుకలో ఉన్న గిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ వరుస ఎప్పుడు రాశారో నమోదవుతుందన్న మాట నిజమే. నేనూ ఒక ఏడాది కమిట్‌లు, అంటే అందులో నమోదైన ఒక్కో మార్పును, లెక్కపెట్టి చూశాను. ఒక బ్యాచ్‌లో నలుగురి పేర్లతోనూ సమానంగా కమిట్‌లు ఉన్నాయి, కానీ అన్నీ ఒకే రాత్రి 11:40 నుంచి 12:10 లోపు చేసినవి. గిట్‌లో పేరు అనేది మనం ఏది రాసి పెడితే అదే అవుతుంది కాబట్టి, ఒకే ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని పేరు మార్చుకుంటూ పోయారు. పైగా ఆ లెక్కే ప్రమాణమైతే, హార్బర్‌కు వెళ్లిన అబ్బాయికి దాదాపు సున్నా వస్తుంది. డిజైన్ పాఠంలో అందరికంటే విలువైన పని చేసింది అతనే.

విద్యార్థులనే ఒకరికొకరు మార్కులు వేసుకోమనడం ఇంకొక దారి. దాన్ని నేను సగమే నమ్ముతాను. హాస్టల్ గదులు, ఊళ్లు, కులాలు, స్నేహాలు ఆ అంకెల్లోకి వచ్చి చేరతాయి. ఎంత బాగా కోడ్ రాయగలిగినా ఆడపిల్లలకు రికార్డు రాసే పని అప్పగించి, చివరికి "వాళ్లు రాయడమే చేశారు" అని తక్కువ వేసిన బ్యాచ్‌లను చూశాను. ఎవరిని ఏం అడగాలో తెలుసుకోవడానికి ఆ అంకెలు అధ్యాపకుడికి ఉపయోగపడతాయి. వాటిని నేరుగా మార్కుల్లో కలపకూడదు.

రుషికొండ మీది ఐటీ కంపెనీల్లో అందరూ బృందంగానే పనిచేస్తారు కాబట్టి బృందానికి ఒకే మార్కు చాలనే వాదన తరచూ వింటుంటాను. ఆ కంపెనీల్లో కూడా ఏడాది చివర ఎవరి పనితీరును వాళ్లకే లెక్కగడతారు. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో మన దేశం 2014లో శాశ్వత సభ్యత్వం పొందింది. ఆ ఒప్పందానికి అనుగుణంగా ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, చదువు ముగిసేసరికి విద్యార్థికి రావాలని నిర్దేశించిన సామర్థ్యాల్లో వ్యక్తిగతంగానూ, బృందంలోనూ సమర్థంగా పనిచేయడం ఒకటి. ఆ వాక్యంలోని "వ్యక్తిగతంగా" అన్న మాటను కొలిచే ఏర్పాటు మా దగ్గర లేదు. అయినా గుర్తింపు కోసం నింపే పత్రాల్లో ఆ గడిలో మేం ప్రతి ఏటా ఒక అంకె రాస్తున్నాం.

విడిగా కొలిచే మార్గం మా పాఠంలోనే ఉంది. పెద్ద సాఫ్ట్‌వేర్‌ను భాగాలుగా విడదీసేటప్పుడు ఒక్కో భాగం ఒక్కో నిర్ణయాన్ని తనలో దాచుకోవాలనీ, ఆ నిర్ణయం మారినా మిగతా భాగాలు చెక్కుచెదరకూడదనీ కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ 1972లో రాశారు. డిజైన్ అలా ఉంటే ఒక్కో భాగానికి ఒక్కో విద్యార్థిని బాధ్యుణ్ని చేయవచ్చు, ఎవరి భాగం గురించి వాళ్లనే అడగవచ్చు. ఈ సెమిస్టర్‌లో ఒక సెక్షన్‌కు నేను ఇలాగే చేశాను. ఒక్కొక్కరిని విడిగా పిలిచి, "బాకీ తీర్చని వ్యాపారిని వేలంలోకి రానివ్వకూడదంటే నీ భాగంలో ఏం మారుతుంది?" లాంటి ప్రశ్న ఒకటి ఇచ్చి, అప్పటికప్పుడు మార్చి చూపించమన్నాను. పని చేసినవాళ్లు రెండు నిమిషాల్లో సరైన చోట వేలు పెట్టారు. చేయనివాళ్లకు ఏ ఫైలు తెరవాలో కూడా తెలియలేదు.

దీనికి కావలసింది సమయం. 66 మంది ఉన్న సెక్షన్‌లో ఒక్కొక్కరికి 10 నిమిషాలు ఇస్తే 11 గంటలు పడుతుంది. ఇప్పుడు అదే సెక్షన్ వైవాను ఒక పూటలో ముగిస్తున్నాం. థియరీ పేపర్లలో 30 మార్కులు ఇంటర్నల్‌కూ, 70 సెమిస్టర్ చివరి రాతపరీక్షకూ పోయాక, ఆ 30లోనూ మిడ్ పరీక్షలే చాలా భాగం తీసుకోవడంతో, ప్రాజెక్టుకు మిగిలే ఒకటి రెండు మార్కుల కోసం 11 గంటలు కూర్చోమని ఏ అధ్యాపకుణ్నీ అడగలేం.

కాబట్టి రాష్ట్ర ఉన్నత విద్యామండలి ద్వారా విశ్వవిద్యాలయాలకు ఈ సూచనలు వెళ్లేలా చూడవలసిందిగా కోరుతున్నాను. డిజైన్ సబ్జెక్టులో బృంద ప్రాజెక్టుకు ముందే ప్రతి విద్యార్థీ ఒంటరిగా ఒక చిన్న ప్రాజెక్టు పూర్తి చేయాలి. బృంద ప్రాజెక్టు మార్కుల్లో సగం మాత్రమే నలుగురికీ ఉమ్మడిగా ఉండి, మిగతా సగం విడివిడి వైవాకు చెందాలి. కోడ్ రాయడంతో సమానంగా సమస్యను వెళ్లి చూసి అర్థం చేసుకున్న పనికీ అందులో చోటుండాలి. ఆ 11 గంటలను అధ్యాపకుల పనిగంటల్లో లెక్కించాలి. ఈ నాలుగింటిలో చివరిది లేకపోతే మిగతా మూడూ కాగితాల మీదే ఉండిపోతాయి.

రాబోయే సిలబస్ సవరణలకు ముందు మండలి పిలిస్తే, నేను వాడిన ప్రశ్నలనూ, పేర్లు తీసేసిన మార్కుల పట్టికలనూ, ఆ అబ్బాయి ఒప్పుకుంటే హార్బర్ నోట్‌బుక్ నకలునూ తీసుకుని వస్తాను.

ఇట్లు,
భవదీయురాలు,
సాఫ్ట్‌వేర్ డిజైన్ బోధించే ఒక అధ్యాపకురాలు