క్రిస్మస్ బిస్కెట్ల రెసిపీ నవంబర్‌లనే వేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ల క్రిస్మస్ వంటలు ప్రతిసారి పండుగకు ఒకటి రెండు రోజుల ముందే వస్తయ్, ప్లమ్ కేక్, రోజ్ కుకీస్, కల్‌కల్స్, అవన్నీ మంచిగనే ఉంటయ్ గని జర్మనీ వాళ్లు చేసుకునే మసాలా బిస్కెట్లు, లేబ్‌కూహెన్ అంటరు వాటిని, అవి గూడ వేయండని నా రిక్వెస్ట్. కాకపోతే అది నవంబర్ నెలాఖరుకే మా చేతికి రావాలె, డిసెంబర్ 24న వస్తే ఎవ్వరికీ పనికిరాదు.

ఎందుకంటే ఇది కలిపిన పూటే కాల్చే పిండి కాదు. తేనె, చక్కెర, కొంచెం వెన్న వేడి చేసి చల్లారినంక మైదా, మసాలా పొడి కలిపి కనీసం ఒక రాత్రి పక్కకు పెట్టాలె, పాతకాలంల అయితే వారాలకు వారాలు చల్లటి జాగల పెట్టెటోళ్లు, గుడ్డు, సోడా మాత్రం కాల్చే రోజే కలపాలె. తేనెల ఉన్న తడిని పిండి మెల్లగ పీల్చుకుంటది, మసాలా వాసన అంతటికీ పడుతది. కాల్చినంక మొదట గట్టిగ ఉంటయ్, డబ్బాల ఒక ఆపిల్ ముక్క వేసి మూత పెడితే కొన్ని రోజులకు మెత్తబడతయ్, మామిడికాయ తొక్కు ఊరినట్టు అప్పుడే అసలు రుచి వస్తది. అక్కడోళ్లు క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల అడ్వెంట్ రాంగనే ఈ పని ముందటేసుకుంటరు.

న్యూరెంబర్గ్ అనే ఊరు వీటికి ఫేమస్. చుట్టూ అడవి తేనె, వెనిస్ వ్యాపారం మీదికెళ్లి వచ్చే మసాలాలు, రెండూ ఆ ఊరికి అందేవి, 1643లనే ఇవి చేసేటోళ్లకు అక్కడ సొంత సంఘం ఉండె. మన వరంగల్ దర్రీలకు జీఐ, అంటే ఆ ఊరి పేరు వేరేటోళ్లు వాడుకోకుండ ఇచ్చే గుర్తింపు, ఉన్నట్టే ఆ బిస్కెట్లకు 1996 నుంచి యూరప్‌ల రక్షణ ఉన్నది. అందుల మేలురకం ఎలీజెన్, దాంట్ల బాదం, వాల్‌నట్ లాంటివి కనీసం 25 శాతం ఉండాలె, పిండి 10 శాతం దాటొద్దు. అందుకే మైదా, ఎసెన్స్ కలిపి ఎలీజెన్ అని పేరు పెట్టి వేయకండి దయచేసి.

దాల్చినచెక్క, లవంగం, ఇలాచి, శొంఠి, జాజికాయ, జాపత్రి, అనాసపువ్వు, ధనియాలు, ఇంతే మసాలా, ఇవన్నీ హన్మకొండల ఏ కిరాణాల అడిగినా ఇస్తరు, సగం బగారా అన్నానికి వాడేటియే. రెడీమేడ్ గరం మసాలా వద్దు, దాంట్ల జీలకర్ర ఉంటే మొత్తం కూర వాసన వస్తది. తేనె మాత్రం అసలుది కావాలె, ములుగు, ఏటూరునాగారం దిక్కు అడవి తేనె దొరికితే ఇంకేం కావాలె.

కొలతలు కప్పులల్ల కాకుండ గ్రాములల్ల వేయండి. తేనె 250, చక్కెర 100, వెన్న 50, మైదా 500, ఒక గుడ్డు, ఓవెన్ల 180 డిగ్రీలకు 10 నుంచి 12 నిమిషాలు, నేను చేసే లెక్క ఇదే. చానమంది ఇండ్లల్ల ఓవెన్ ఉండదు గదా, కుక్కర్ల ఉప్పు పోసి, గ్యాస్కెట్, విజిల్ తీసేసి ఎట్ల కాల్చాల్నో గూడ వివరంగ రాయించండి. కాజీపేట ఫాతిమానగర్ దిక్కు పండుగకు ఇంట్లనే వండుకునేటోళ్లు ఎంతోమంది, క్రిస్మస్ చేసుకోని మా అసొంటి ఇండ్లల్ల గూడ పిల్లలు అడుగుతనే ఉంటరు.

ఇంకొకటి, ఏడాది నిండని పిల్లలకు తేనె కలిసినయ్ పెట్టొద్దు, అది రెసిపీ కిందనే పెద్దక్షరాలల్ల వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, హన్మకొండ