కన్నడ అక్షరాల్లో మన తెలుగు

సంపాదకుల వారికి నమస్కారం.

బయటి రాష్ట్రాల్లో తెలుగు కరిగిపోతోందని, పిల్లలకు అ ఆలు కూడా రావడం లేదని పత్రికల్లో తరచూ ఉత్తరాలు వస్తుంటాయి. అవి చదివినప్పుడల్లా నాకు మా వీధి చివర టైలర్ షాపులోని కొలతల పుస్తకం గుర్తొస్తుంది. దాని గురించే ఈ ఉత్తరం.

మాది తెనాలి. 30 ఏళ్లు ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టాను. మా ఆయన పోయాక, 2019లో మా అబ్బాయి నన్ను బెంగళూరు తీసుకొచ్చాడు. మారతహళ్లిలో ఉంటాం. వచ్చిన కొత్తలో బోర్డులు చూస్తే పెళ్లిలో దూరపు చుట్టాల మధ్య నిలబడ్డట్టు ఉండేది. అన్నీ తెలిసిన ముఖాలే, ఒక్కటీ పలకదు. బ, ల దాదాపు మనవే. గ, ద, ర, య కూడా మనవే గానీ, తలకట్టు మనలా టిక్కు కొట్టినట్టు కాకుండా అడ్డంగా పడుకుని ఉంటుంది. క, త దగ్గర మాత్రం బోల్తా పడేదాన్ని. బస్సు కోసం నిలబడినంతసేపూ కూడబలుక్కుంటూ ఉంటే కొన్నాళ్లకు చదవడం వచ్చేసింది. అర్థమే తెలిసేది కాదు. ఒకప్పుడు రెండు భాషలకూ లిపి ఒకటేనట. 2024లో బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలని చట్టం తెచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు కొందరు విసుక్కున్నారు. నాకైతే చత్వారం కళ్లకు ఇంకాస్త పెద్ద అక్షరాలు దొరికాయి.

కిరాణా కొట్లో డబ్బా మీద ‘హెసరు బేళె’ అని చూసి పెసరపప్పని పట్టేశాను. మన ప చాలాచోట్ల వాళ్లకు హ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పల్లె హళ్లి. ఆ ధీమాతో బ్యాంకుకు వెళితే ఫారం మొదటి గడిలోనే ‘హెసరు’ అని ఉంది. ఖాతా తెరవడానికి పెసలెందుకో అర్థం కాలేదు. వాళ్లకు పేరూ హెసరే, పెసరా హెసరే. నా అవస్థ చూసి కౌంటర్లో అమ్మాయి “అవసర ఇల్ల, నిధానవాగి బరీరి” అంది. ఫారం అవసరం లేదంటోంది కాబోలని మడిచి సంచీలో పెట్టేసుకున్నాను. కన్నడంలో అవసర అంటే తొందర. తొందరేం లేదు, నిదానంగా రాయమని ఆ పిల్ల అన్నది. మా అబ్బాయిని చూస్తే మాత్రం ఆ రెండూ ఒకటే మాటేమో అనిపిస్తుంది. రాత్రి పదకొండైనా ల్యాప్‌టాప్ మూయడు, అడిగితే అవసరం అంటాడు.

ఇక టైలర్ సంగతి. ఆమెది కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర పల్లె. మొదటిసారి చీరకు ఫాల్ కుట్టించుకుందామని వెళితే, “తిండి అయిందా అక్కా?” అని తెలుగులోనే అడిగింది. నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో తిండి అన్న మాట తిట్టేటప్పుడే వచ్చేది. తిండిపోతు, తిండి దండగ. కన్నడంలో పొద్దుటి టిఫిన్‌ని తిండి అంటారని, ఆమె ఆప్యాయంగానే అడిగిందని తెలియడానికి వారం పట్టింది. కోలారు, చిక్కబళ్లాపుర వైపు ఎన్నో ఇళ్లల్లో తెలుగు, బళ్లో కన్నడం. రెండు భాషల్లోనూ కీర్తనలు పాడిన యోగి కైవార తాతయ్యది కూడా ఆ వైపే.

ఇప్పుడు నా మధ్యాహ్నాలు ఆ షాపులోనే. హుక్కులు, కాజాలు కుట్టి పెడుతుంటాను. ఓ రోజు ఆమె దారం ఉండల కోసం వెళ్తూ, ఎవరైనా వస్తే పుస్తకం చూసి చెప్పమంది. తెరిచాను. రూళ్ల పుస్తకం, పేజీకో మనిషి, పేజీ మూలన గుండుసూదితో గుచ్చిన గుడ్డ పీలిక. అంతా కన్నడ అక్షరాలే. ఏం అర్థమవుతుందిలే అనుకుంటూనే కూడబలుక్కున్నాను. చె... య్యి... 6. న... డు... ము 32. మె... డ లో... తు 7. చంక దగ్గర వదులు. కింద ఒక ముక్క: ‘ఆది జాకెట్టు ఇచ్చింది, మల్లా ఇయ్యల్ల.’ అంటే, తిరిగి ఇచ్చెయ్యాలని. నోటితో పలికేదాకా అది తెలుగని నా కంటికి తెలియలేదు. తెనాలిలో వదిలేసి వచ్చిన నా పుస్తకాన్నే ఎవరో వేరే దస్తూరీతో తిరగరాసినట్టు అనిపించి, అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆమె వచ్చాక అడిగాను, “తెలుగు రాయడం రాదంటివి కదమ్మా?” అని.

“రాదక్కా. ఇది కన్నడమే కదా” అంది, కత్తెర వెతుక్కుంటూ.

ఏడో క్లాసు దాకా తెలుగు మీడియంలో చదివిన మా అబ్బాయి ఇంట్లో చీటీ రాస్తే ఇంగ్లీషులోనే రాస్తాడు. అతనికి తెలుగు వచ్చంటాం. ఈమెకు రాదంటాం, ఆమే ఒప్పేసుకుంటుంది.

మా మనవరాలు ఆరో క్లాసు. ఇక్కడి బళ్లలో కన్నడం తప్పనిసరి, తెలుగు అక్షరాలు దానికి రావు. రెండేళ్లు పలక పట్టుకుని వెంటపడ్డాను, పారిపోయేది. ఆ పుస్తకం చూశాక, పోనీ కన్నడ అక్షరాల్లోనే రాసి చూపించవే అన్నాను. మర్నాడు ఫ్రిజ్ మీద చీటీ: ‘నానమ్మా, పాలు తోడు పెట్టడం మర్చిపోయా, అమ్మకి చెప్పకు.’ ఫోన్లో మా చెల్లెలికి చెబితే, “అయితే దానికి తెలుగు రానట్టే కదే” అంది. రానట్టా? వాళ్లమ్మకు చెప్పొద్దన్నది అది తెలుగులోనే కదా. అయినా నేను పేపరు చదువుతుంటే అది పక్కకొచ్చి బొమ్మలు చూసి వెళ్లిపోతుంది. అప్పుడు మాత్రం చెల్లెలి మాటే గుచ్చుకుంటుంది.

అందుకే నాదొక విన్నపం. మీ బెంగళూరు పేజీలో వారానికోసారి పిల్లలకు నాలుగు అంగుళాల చోటివ్వండి. ఒకవైపు కన్నడ అక్షరాల్లో, పక్కనే తెలుగు అక్షరాల్లో అదే తెలుగు మాట. నీతికథలు వద్దు, వాటిని చూస్తే పిల్లలు పారిపోతారు. పొడుపు కథలు, సామెతలు చాలు. మొదటి వారానికి కావాలంటే ఆ ఫ్రిజ్ చీటీ పంపుతాను. మా కోడలు పేపరు చూడదు, భయం లేదు.

ఇట్లు,
ఒక పాత టైలరమ్మ,
మారతహళ్లి, బెంగళూరు