రెండు కోట్స్ దగ్గర ఆగిపోయిన నా యాప్‌ని కదిలించిన అక్కకి

అక్కా, పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు. థాంక్స్ మాత్రం అందరి ముందూ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

తెలియని వాళ్ల కోసం: గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసే వెబ్ యాప్ రాసిచ్చాను. యాప్ రాసింది పీహెచ్‌పీలో, లెక్కలు దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. రైతు ఫోన్ నంబర్ కొడితే అతని లాట్లన్నీ రావాలి. మొదటి ఏడాది బాగానే వచ్చాయి. ఈ మార్చిలో సరుకు ముమ్మరంగా దిగే టైముకి ఆ పేజీ తెరుచుకోడానికి ఇరవై సెకన్లు. రైతు ఎదురుగా నిలబడి ఉంటే గుమస్తా గారు విసుగెత్తి పాత ఖాతా పుస్తకం తీసి, నా యాప్ కంటే ముందే పేజీ పట్టుకునేవారు. ఆ అవమానం పగవాడికి కూడా వద్దు.

ముందు ఆఫీసు నెట్ మీద పెట్టా నెపం. తర్వాత డేటాబేస్ సర్వర్‌కి ర్యామ్ రెట్టింపు చేయించా. బిల్లు పెరిగింది, పేజీ కదల్లేదు.

స్నేహితుడి ద్వారా అక్క నంబర్ దొరికింది. అన్నీ స్లోగా ఉన్నాయక్కా అన్నాను. "అన్నీ అంటే ఏవి తమ్ముడూ? ఏ పేజీ, ఎన్ని సెకన్లు?" నా దగ్గర సమాధానం లేదు. డేటాబేస్‌ని అడిగే ఒక్కో ప్రశ్నా ఒక క్వెరీ. ఆలస్యమైన క్వెరీలని రాసిపెట్టే స్లో క్వెరీ లాగ్ ఆన్ చేయించారు. అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుందట, ఆన్ చేసినా పది సెకన్లు దాటినవే రాస్తుంది. దాన్ని ఒక సెకనుకి దించాం. పావుగంటలో దొంగ దొరికాడు, ఫోన్ నంబర్ వెతికే క్వెరీ.

"ఆ కాలమ్ మీద ఇండెక్స్ ఉందక్కా!" అని వాదించాను కూడా. ఇండెక్స్ అంటే పుస్తకం చివర ఉండే సూచిక లాంటిది, అన్నీ చదవకుండా కావాల్సిన వరుస దగ్గరికి తీసుకెళ్తుంది. క్వెరీని ఎలా నడుపుతోందో డేటాబేస్ చేతే చెప్పించే ఎక్స్‌ప్లెయిన్ పెట్టి చూడమన్నారు. పాసిబుల్ కీస్ (వాడగలిగినవి) కింద ఇండెక్స్ పేరుంది, కీ (వాడుతున్నది) కింద నల్ (ఖాళీ). అంటే చేతిలో ఉండి కూడా వాడట్లేదు, లక్షల వరుసలూ మొదటినుంచీ చదువుతోంది. ఎందుకంటే, పాత ల్యాండ్‌లైన్ నంబర్లు సున్నాతో మొదలవుతాయని ఆ కాలమ్‌ని వార్‌క్యార్‌గా (అక్షరాలుగా దాచే రకంగా) పెట్టింది నేనే, పీహెచ్‌పీలో నంబర్‌ని ఇంటీజర్‌గా (అంకెగా) మార్చి, ఇవి అక్షరాలని చెప్పే కోట్స్ (' ' గుర్తులు) లేకుండా పంపిందీ నేనే. '9848', '09848', ముందు ఖాళీ ఉన్న ' 9848' అక్షరాలుగా మూడూ వేరు, అంకెలుగా ఒకటే. అంకెతో పోల్చమంటే అక్షరాల వరసలో పేర్చిన ఇండెక్స్ ఎందుకూ పనికిరాదు, ప్రతి వరుసనీ అంకెగా మార్చి చూడాల్సిందే. రెండు కోట్స్ చేరేసరికి క్వెరీ రెప్పపాటులో వచ్చేసింది.

నేను అక్కడితో ఫోన్ పెట్టేసేవాణ్ణే. పెద్ద వ్యాపారుల పేజీ ఇంకా మూడు సెకన్లు తీసుకుంటోందని పట్టుకున్నది అక్కే. స్లో లాగ్‌లో ఏమీ లేదు. ఒక్క నిమిషం, వచ్చిన ప్రతి క్వెరీనీ రాసే జనరల్ లాగ్ ఆన్ చేయించి లెక్కపెట్టమన్నారు: ఒక వ్యాపారికి 340 లాట్లుంటే 341 క్వెరీలు! లాట్లకి ఒకటి, ఒక్కో లాట్ డెలివరీలకి ఒక్కొక్కటి. ఏదీ విడిగా స్లో కాదు, అందుకే లాగ్‌కి చిక్కలేదు. నా ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉండేది కాబట్టి నాకూ తెలియలేదు. అసలు సెటప్‌లో అది వేరే మెషీన్‌లో ఉంది, ప్రతి క్వెరీకీ పోయి రావాలి. లాట్లనీ డెలివరీలనీ కలిపి ఒకే క్వెరీలో తెచ్చే ఒక జాయిన్‌తో తీరిపోయింది. జనరల్ లాగ్ ఆఫ్ చేశావా లేదా అని ఆ రాత్రే రెండుసార్లు మెసేజ్ పెట్టారు. చేశానక్కా, ఒట్టు.

ర్యామ్ సంగతీ బయటపడింది. మైఎస్‌క్యూఎల్ డేటాని ర్యామ్‌లో ఉంచుకునే చోటు, బఫర్ పూల్, మొదట్లో ఇచ్చే 128 ఎంబీ దగ్గరే ఉంది, నేను కొన్న ర్యామ్ మైఎస్‌క్యూఎల్ దాకా చేరనేలేదు. ఈ నెల పాత ప్లాన్‌కి వచ్చేశా.

ముఖం కూడా చూడని మనిషి కోసం ఆఫీసయ్యాక రెండు రాత్రులు ఫోన్లో కూర్చున్నారు. డబ్బు మాటెత్తితే కసిరారు. మిరపకాయలు పంపిస్తానంటే అడ్రస్ ఇవ్వట్లేదు, ఇది చూసైనా ఇవ్వండి. గుమస్తా గారు కూడా మీకు నమస్కారం చెప్పమన్నారు. ఆ పుస్తకం మాత్రం ఇంకా బల్ల మీదే ఉంచారు.