చెంచు పెంటల్లో నొప్పిని అడిగే తీరు మార్చండి
నాగర్‌కర్నూల్ జిల్లా వైద్యాధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారం.

నల్లమల లోపలి అప్పాపూర్ లాంటి పెంటల (చెంచుల గూడేల) నుంచి మనిషి దవాఖానకు వచ్చేది నొప్పి బాగా ముదిరాకే. కొండచరియలకు వేలాడి తేనె తీసేవాళ్లు, గడ్డలు తవ్వేవాళ్లు. నడుములు, మోకాళ్లు, పాత దెబ్బలు వాళ్లను వదలవు. అయినా డాక్టరు ముందు చాలామంది మూలగరు. మూలగలేదని ఒక గోలీ చేతిలో పెట్టి పంపిస్తే ఎట్లా?

‘సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత?’ అన్న ప్రశ్న అక్కడ పనికిరాదు. ‘చెట్టెక్కగలుగుతున్నరా? బిందె మోస్తున్నరా? రాత్రి నిద్ర పడుతోందా?’ అని అడిగించండి. (ఏకవచనం మానిపిస్తే ఇంకా మంచిది.) చెప్పలేనంత మాత్రాన నొప్పి లేనట్టు కాదని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం వివరణలోనే ఉంది.

ఏ పసరు కట్టుకున్నారో కసురుకోకుండా అడిగి రాయించండి. డైక్లోఫినాక్ అనే నొప్పి సూదులు ఎడాపెడా పొడిస్తే కడుపులో పుండ్లు, కిడ్నీలకు దెబ్బ. క్యాన్సర్ రోగుల సంగతి వేరు. వాళ్లకోసం గట్టి నొప్పిమందు మార్ఫిన్ దొరకడం తేలిక చేస్తూ 2014లోనే ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టాన్ని సవరించారు. ఆ మాత్ర పెంట దాకా ఎవరు చేరుస్తారు?

ఈ కొత్త తీరు ముందు ఏ పెంటలో మొదలుపెడతారో తేదీతో సహా మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) నోటీసు బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
అచ్చంపేట వాసి