పద్మినీ ముందు స్ప్రింగుల గురించి మా కస్టమర్లకు తెలియజేయవలసిన విషయం

గత మూడు నెలల్లో మా ఆటోనగర్ గ్యారేజీలో ముందు భాగం కిందికి దింపించుకున్న ఐదు ప్రీమియర్ పద్మినీల యజమానులకు, అదే పనికి అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్నవారికి, ఈ మాట ఇతరుల ద్వారా తెలియక ముందే నేను చెప్పాలి. మేము బిగించిన కొత్త స్ప్రింగులు నిలబడలేదు. మొదట దింపిన కారు మూడు వారాలకే కుడి వైపున 18 మిల్లీమీటర్లు కుంగింది. మిగిలిన నాలుగు ఇంకా బాగానే కనిపిస్తున్నా వాటిలోనూ అదే సరుకు ఉంది కనుక ఐదింటినీ వెనక్కి పిలిపిస్తున్నాను. స్ప్రింగులకు గానీ, కూలికి గానీ ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వనవసరం లేదు.

పద్మినీ అంటే మూలంలో ఫియట్ 1100. వెనుక కమాన్లు, ముందు ఒక్కో చక్రానికి ఒక్కో కాయిల్ స్ప్రింగు ఉంటాయి. ఆ స్ప్రింగు చక్రం మీద నేరుగా కాక, చక్రానికి లోపలి వైపున లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది చేయి) మీద కూర్చుంటుంది కాబట్టి స్ప్రింగు దగ్గర సెంటీమీటరు తగ్గితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువే దిగుతుంది. అందుకే ఇక్కడ చిన్న తేడా కూడా పెద్దదై కనిపిస్తుంది. తక్కువ ఖర్చులో పని కావాలన్న మీ కోసం నేను పొరుగు జిల్లాలోని ఒక స్ప్రింగుల తయారీదారుకు 12 మిల్లీమీటర్ల తీగతో పొట్టి స్ప్రింగులు చేయమని కొలతలు రాసి ఇచ్చాను. కుంగిన కారు కింద పడుకొని టార్చి వేసి చూస్తే, చుట్లు ఒకదానికొకటి కొట్టుకొని పెయింటు ఊడి, అంచులు వెండిలా మెరుస్తున్నాయి. స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బను ఆపే బంప్ స్టాపర్ రబ్బరు సగం చిరిగిపోయింది. విప్పి, మందం కొలిచే వెర్నియర్ పెడితే తీగ 11.5 మిల్లీమీటర్లే వచ్చింది.

“అర మిల్లీమీటరుకు ఏం మునిగిపోయింది?” అని ఆ తయారీదారు ఫోనులో అన్న మాట నాకు ఇప్పటికీ మంటగానే ఉంది. స్ప్రింగు బలం తీగ మందాన్ని నాలుగుసార్లు హెచ్చవేసిన లెక్కన మారుతుంది. ఆ అర మిల్లీమీటరుతో దాదాపు 16 శాతం బలం పోతుంది, అదే బరువుకు ఉక్కు మీద పడే ఒత్తిడి 13 శాతానికి పైగా పెరుగుతుంది. ఉక్కుకు టెంపర్ (వేడి చేసి చల్లార్చి తెచ్చే సత్తువ) కూడా సరిగా పట్టించకపోతే అది ఒకసారి కుంగాక మళ్లీ లేవదు. డబ్బు తిరిగి ఇవ్వనన్నారు, ఆ నష్టం నేనే భరిస్తాను. అయితే బిగించే ముందు వెర్నియర్ పెట్టి చూడకపోవడం పూర్తిగా నా తప్పు, దానికి మిమ్మల్ని క్షమాపణ కోరుతున్నాను.

ఇక ఏం చేయాలన్నది నాకు నాలుగు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. మంచి కంపెనీలో కొత్తగా చేయిస్తే మీతో ఒప్పుకున్న 8,500 రూపాయలకు రెట్టింపు దాటుతుంది. మిగిలిన దారి ఫ్యాక్టరీ స్ప్రింగును కోసి పొట్టిది చేయడం. ఇరవై రెండేళ్లుగా స్ప్రింగు కోయనని పట్టుబట్టిన గ్యారేజీ మాది. గ్యాస్ కట్టర్ మంట తగిలి ఎర్రబడిన స్ప్రింగు సత్తువ పోయి, ఆర్నెల్లకే కారు ముక్కు నేలకు వాలడం నేను చాలాసార్లు చూశాను. కానీ ఆలోచించిన కొద్దీ, ఆ కార్లను పాడుచేసింది కోత కాదు, వేడి అని ఒప్పుకోక తప్పలేదు. పలుచని కటింగ్ వీల్‌తో, పక్కన నీళ్లు పోస్తూ కోస్తే ఉక్కు గుణం చెడదు. ఎనిమిది చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీస్తే మిగిలింది ఏడో వంతు గట్టిపడుతుంది, అంటే కారు దిగుతుంది గానీ మెత్తబడదు. పొట్టిదైన స్ప్రింగుకు కావలసింది కూడా అదే.

అయినా మీ కారుతో పుట్టిన స్ప్రింగుల మీద వీల్ పెట్టడానికి నాకు చేయి రాలేదు. ఒకసారి కోస్తే అతకలేము, ఆ కారు తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అందుకని పాత సామాను కొట్లలో వెతికి ఫ్యాక్టరీ స్ప్రింగులు తొమ్మిది జతలు కొని, తుప్పు గుంటలు పడిన మూడింటిని పక్కన పడేసి, ఆరు జతలు సిద్ధం చేశాను. మీ అసలు స్ప్రింగులు గ్రీజు పూసి, కారు నంబరు రాసిన గోనెసంచుల్లో మా దగ్గరే ఉన్నాయి. ఎప్పుడు అడిగినా ఇచ్చేస్తాను.

“చివరికి నువ్వూ కోతల మేస్త్రీవే అయ్యావు” అని తోటి మెకానిక్ ఒకరు అన్నారు. కాల్చడానికీ కోయడానికీ తేడా పాటించని వారి మాటను నేను లెక్కచేయను. అర చుట్టు చొప్పున కోసి, ప్రతిసారీ బిగించి కొలుస్తాను. కోసిన కొస గాడిలో పూర్తిగా కూర్చోవాలి, కారును జాకీ మీద ఎత్తి చక్రం వేలాడదీసినా స్ప్రింగు వదులుగా ఆడకూడదు. చక్రం దగ్గర 35 మిల్లీమీటర్లకు మించి ఎవరు అడిగినా దింపను, ఎందుకంటే ఆపైన బంప్ స్టాపర్‌కు మిగిలే జాగా మన స్పీడ్ బ్రేకర్లకు చాలదు. గతుకుల మీద కారు మునుపటికంటే కొంచెం బిర్రుగా ఉంటుందని ముందే చెబుతున్నాను. ఎత్తు మారితే చక్రాల కోణం మారి టైర్లు ఒక వైపే అరుగుతాయి కనుక అలైన్‌మెంట్ ఇందులోనే చేయిస్తాను. కొత్తగా వచ్చేవారికీ ధర 8,500 రూపాయలే.

కుంగిన కారుకు సోమవారం పని మొదలవుతుంది, తరువాత రోజుకు ఒకటి చొప్పున చేస్తాను. మీ వంతు వచ్చేదాకా కారును వీలైనంత తక్కువగా, నెమ్మదిగా నడపండి. తెచ్చేటప్పుడు డిక్కీ ఖాళీ చేసి, ట్యాంకులో సగం పెట్రోలు ఉంచండి. అందరి కార్లనూ ఒకే బరువు మీద కొలిచి, ఆ కొలతలు మీ ముందే బిల్లు మీద రాస్తాను.