దసరాకి ఇస్తామన్న ఫ్రేములు వెనక్కి పంపేశాం

దసరాలోపు బిగించి ఇస్తామని చెప్పిన క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు, మేం ఇనుమనేది దీన్నే) రోడ్డు సైకిల్ ఫ్రేములు పన్నెండూ మొన్న లారీ ఎక్కించి వెనక్కి పంపేశాం. అడ్వాన్సు కట్టిన తొమ్మిది మందికీ ఈ శనివారంలోపు పైసాతో సహా తిరిగి వేస్తాం. సిరిమానోత్సవం వెళ్లాక చూద్దాంలెండి అని నాన్చడం మాకు చేతకాదు.

బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మరల్లో పెయింటు గడ్డకట్టింది. సీటు పైపు లోపల వెల్డింగు బొడిపెలుండి 27.2 మి.మీ. సీట్ పోస్టు (సీటుని మోసే కడ్డీ) సగంలోనే ఆగిపోయింది. ఇవి తప్పులే గానీ, మరలకి ట్యాపు వేసి, పైపు లోపల రీమరు తిప్పి నునుపు చేస్తే గంటలో తీరే పనులు. తగువంతా వెనక త్రికోణం, అంటే వెనక చక్రాన్ని పట్టే పైపుల దగ్గరే వచ్చింది.

చక్రం తీసేసి, వెనక ఒక డ్రాపవుట్‌కి (చక్రం ఇరుసు కూర్చునే గాడికి) దారం కట్టి, ముందు హెడ్ ట్యూబు (హ్యాండిల్ కింది పొట్టి పైపు) చుట్టూ తిప్పి, రెండో డ్రాపవుట్‌కి బిగుతుగా లాగి కట్టాలి. అప్పుడు దారానికీ సీటు పైపుకీ మధ్య దూరం రెండువైపులా కొలవాలి. 1, 2 మి.మీ. తేడా ఉంటే సర్దుకోవచ్చు. వీటిలో ఐదు ఫ్రేములకి 6 మి.మీ. వచ్చింది. అలాంటి ఫ్రేములో చక్రం ఒక పక్కకి కూర్చుంటుంది, బ్రేకు రబ్బరు రిమ్ముకి రాసుకుంటుంది. సాలూరు ఘాట్ దిగేటప్పుడు బండి ఒకవైపు లాగుతూనే ఉంటుంది.

ఇనుము కాబట్టి వంచి సరిచేయొచ్చు. డ్రాపవుట్ల మధ్య 130 మి.మీ. చూసుకుంటూ, దారం పెట్టుకుంటూ, కొంచెం కొంచెంగా లాగడం పాత పద్ధతే, తప్పేం కాదు. మా దగ్గర ఆ చెయ్యి తిరిగిన మేస్త్రీ ఉన్నారు. నాలుగు రోజులు తేలనిది ఇక్కడే. వంచి ఇచ్చేస్తే పండక్కి అందరి చేతిలో బళ్లుంటాయి, మా పెట్టుబడి కూడా తిరుగుతుంది. ఐదోరోజు ఒక ఫ్రేముకి చైన్‌స్టే (బీబీ నుంచి వెనక చక్రం దాకా వెళ్లే పైపు), బీబీ కలిసే చోట పెయింటు గీకి చూశాం. వెల్డింగులో గుండుసూది మొనంత రంధ్రం. తొక్కిన ప్రతిసారీ బలం పడే అతుకు అది. అక్కడ రంధ్రమున్న ఫ్రేముని వంచడమంటే పగులుకి దారి చూపించడమే. మిగతా అతుకులు ఎలా ఉన్నాయో పెయింటు కింద కనబడదు కదా. ఇక వంచే మాటే లేదు.

సరుకు పంపినాయన ఫోన్లో “ఆ మాత్రం తేడా కస్టమర్‌కి ఏం తెలుస్తుందండీ” అన్నారు. ఆ మాట మమ్మల్నే కాదు, మిమ్మల్నీ అన్నట్టే. ఆయన దగ్గర ఇక స్పోకు కూడా కొనం.

అల్యూమినియం ఇచ్చేయొచ్చుగా అని ముగ్గురడిగారు. అది తేలికే. కానీ చిన్న బరువులైనా లెక్కలేనన్నిసార్లు పడితే ఎప్పటికైనా అలసిపోయే లోహం. ఇనుముకి ఒక హద్దుంది, దానికి లోబడి బరువు పడినంతకాలం అలసట పగులు రాదు. ఏళ్లతరబడి తొక్కాలని అడిగినవాళ్లకి మా మాట ఇనుమే.

ఇనుముకి శత్రువు ఉప్పుగాలి. చింతపల్లి బీచ్, కళింగపట్నం వైపు తొక్కేవాళ్లు మూడు నెలలకోసారి సీట్ పోస్టు బయటకి లాగి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి. అల్యూమినియం పోస్టు ఇనుప పైపులో పొడిగా వదిలేస్తే పట్టేసి ఊడిరాదు. బీబీ కింద నీరు పోయే రంధ్రం మూసుకుపోకుండా చూడండి. ఇంట్లో బీబీ విప్పేవాళ్లూ, ఇంగ్లీషు (BSA) మరల బీబీ అయితే కుడివైపు కప్పుది ఎడమచేతి మర, అంటే సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది, గుర్తుంచుకోండి.

ఇదివరకు మా దగ్గర కొన్న బండి ఒక పక్కకి లాగుతోందనిపిస్తే, మొదట వెనక చక్రాన్ని తీసి తిరగేసి పెట్టి చూడండి. రిమ్ము రెండోవైపుకి జరిగితే లోపం చక్రానిది. ఉన్న పక్కనే ఉంటే ఫ్రేముది, బండి తెచ్చేయండి. దారం కొలత ఉచితం, మీ ఎదురుగానే కొలుస్తాం.

కొత్తచోట రెండు ఫ్రేములకి మాత్రమే చెప్పాం. అవి వచ్చి, దారం పెట్టి, అతుకుల దగ్గర పెయింటు గీకి చూసేదాకా ఎవరికీ తేదీ చెప్పం, అడ్వాన్సు తీసుకోం.