పైకప్పు మరమ్మతు, టీ ధర: మా ఇరానీ హోటల్ ఖాతాదారులకు విన్నపం

వచ్చే నెల మొదటి వారం నుంచి మన హోటల్ ముందు హాలును మూసివేసి పైకప్పుకు మరమ్మతు చేయిస్తున్నాము. ఇనుప దూలాల మీద బండలు పరిచి డంగు సున్నం వేసిన పాతకాలపు కప్పు అది. ఈ వానలకు దూలాలు మరింత తుప్పు పట్టాయి, ఇక వాయిదా వేయడం క్షేమం కాదు. హోటల్ అమ్మేశారనీ, ఇక్కడ సెల్‌ఫోన్ల దుకాణం వస్తుందనీ బజారులో అనుకుంటున్న మాట నిజం కాదు. అడిగినవారున్నారు, మంచి ధరే చెప్పారు, మేము ఒప్పుకోలేదు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి బయలుదేరి, బొంబాయి, పుణే మీదుగా నిజాం రాజ్యానికి చేరిన ఇరానీలు హైదరాబాదులోనూ సికింద్రాబాదులోనూ కూడళ్ల దగ్గర మూల మడిగెలను ఎంచుకుని, రెండు వీధుల వైపూ తలుపులు తెరిచి ఈ హోటళ్లు పెట్టారు. రిక్షా కార్మికుడు, వకీలు, కవి, విద్యార్థి ఒకే పాలరాతి బల్ల చుట్టూ కూర్చుని, ఒక్క టీతో గంటసేపు మాట్లాడుకున్నా లేవమనని మర్యాద వారి నుంచి వచ్చింది. మా నాన్నగారికి ఈ గల్లాపెట్టెను అప్పగించిన ఇరానీ కుటుంబం కోరింది కూడా అదొక్కటే. అందుకే ఆ బల్లలను మార్చడం లేదు. కప్పుల అడుగులు ఆని ఆని నునుపుదేరిన ఆ రాళ్లను, వంపు కాళ్ల కుర్చీలను వెనుక గదిలో భద్రపరుస్తున్నాము.

టీ తయారీ కూడా మారదు. మూత చుట్టూ గుడ్డ బిగించిన రాగి పాత్రలో డికాక్షన్ సన్నని సెగ మీద దమ్ అవుతుంది. పాలు వేరే పొయ్యి మీద చిక్కబడి మీగడ కడతాయి. కప్పులో ముందు డికాక్షన్ పడి, దాని మీద పాలు పడతాయి. పాలు ఎక్కువ కావాలనేవారికి పౌనా ఎప్పటిలాగే ఉంటుంది. ఈ పద్ధతిలో పాలూ గ్యాసూ రెండూ ఎక్కువే ఖర్చవుతాయి కాబట్టి, పాలలో నీళ్లు కలపడం కన్నా కప్పుకు రెండు రూపాయలు పెంచడమే న్యాయమని అనుకున్నాము.

మరో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తూ, తీపినీ ఉప్పునూ కలిపి నోటికి అందించే ఉస్మానియా బిస్కెట్లు ఇప్పుడు మా భట్టీలో కాల్చినవి కావు. భట్టీ పని తెలిసిన ఉస్తాద్ వయసు మీద పడి మానుకున్న తరువాత, ఆ చెయ్యి మరొకరికి రాలేదు. దగ్గరి బేకరీ నుంచి రోజూ తెల్లవారుజామున తెప్పిస్తున్నాము. పని నేర్చుకునే ఓపిక ఉన్నవారు దొరికితే భట్టీని మళ్లీ వెలిగించాలని ఉంది. మీకు తెలిసినవారుంటే పంపించండి, నేర్చుకునే రోజుల్లోనూ జీతం ఇస్తాము.

పరదాల ఫ్యామిలీ గది మాత్రం తిరిగి రాదు. ఆ చోటు వంటగదిలో కలుస్తుంది, ఎందుకంటే పొయ్యిల దగ్గర పనిచేసేవారికి ఇప్పుడు గాలి ఆడడం లేదు. మరమ్మతు జరిగినన్నాళ్లూ పక్క సందు తలుపు దగ్గర నిలబడి తాగేవారికి టీ, ఇంటికి తీసుకువెళ్లేవారికి పార్సెల్ ఉదయం ఐదింటి నుంచి దొరుకుతాయి.